రేడియో సంతకం

తెల్లారుతోంది. ఇంకా చీకటి పూర్తిగా పోలేదు. పంచాయతీ ఆఫీసు మీద మైకు గరగరలాడింది. అంతలో తంబురా మోత మొదలైంది. దాని మీద వయొలిన్ పలికింది. చిన్న బాణీ. ఒకసారి అయిపోయింది. మళ్ళీ అదే వచ్చింది. మళ్ళీ అదే.

“ఒరే, రేడియో పాడతా ఉంది. లేవరా. గేదెల కాడికి పోవాలి” అని తల్లి కొడుకును లేపింది.

ఆ ఇంట్లో గడియారం లేదు. ఉన్నా ఆమెకు చూడడం రాదు. రేడియో బాణీ వినబడిందంటే ఆరు కావస్తోందని లెక్క. ఆ తర్వాత ఒక గొంతు “ఆకాశవాణి, విజయవాడ కేంద్రం” అని చెబుతుంది. వందేమాతరం వస్తుంది. పొయ్యి రాజుకుంటుంది. ఎడ్లు బయటికి కదులుతాయి.

1960ల్లో, 1970ల్లో మన పల్లెల్లో చాలా చోట్ల ఇలాగే తెల్లవారేది. అప్పట్లో ఇంటింటా రేడియో ఉండేది కాదు. కొనాలంటే డబ్బు కావాలి. కొన్నాక లైసెన్సు కావాలి. దానికి పోస్టాఫీసులో రుసుము కట్టాలి. ఇంట్లో రేడియో పెట్టుకున్నందుకు సర్కారుకు డబ్బు కట్టడమేమిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కానీ అప్పుడు అంతే. అందుకే చాలా ఊళ్ళల్లో అందరికీ కలిపి పంచాయతీ రేడియోనే దిక్కు.

ఆ బాణీ కోట్ల మందికి తెలుసు. చెవిన పడితే చాలు, ఇట్టే గుర్తుపడతారు. మరి దాన్ని కట్టింది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ. ఆ మనిషి మన ఊరివాడు కాదు. మన దేశం వాడూ కాదు. సొంత గడ్డ మీద బతుకు లేక ఓడెక్కి వచ్చినవాడు. ఆయన పేరు వాల్టర్ కౌఫ్‌మన్.

చెవితో చదివే గుర్తు

రేడియో వాళ్ళు ఆ బాణీని ‘సిగ్నేచర్ ట్యూన్’ అంటారు. సిగ్నేచర్ అంటే సంతకం. ట్యూన్ అంటే బాణీ. ఉత్తరం కింద సంతకం చూస్తే అది ఎవరు రాశారో తెలుస్తుంది. అలాగే బాణీ వింటే ఏ రేడియో పలుకుతోందో తెలుస్తుంది. అది రేడియో పెట్టిన సంతకం అన్నమాట.

రేడియోకు సంతకం ఎందుకు? పాత రేడియో ఎలా ఉండేదో తెలిస్తే ఇది అర్థమవుతుంది. అది పెద్ద చెక్కపెట్టె. లోపల గాజు బుడ్లు ఉండేవి. వాటిని వాల్వులు అనేవారు. మీట నొక్కగానే రేడియో పలికేది కాదు. బుడ్లు వేడెక్కాలి. అప్పుడు మెల్లగా శబ్దం వస్తుంది. తర్వాత మర తిప్పాలి. అద్దం వెనక ముల్లు కదులుతుంది. అటు తిప్పితే ఒక స్టేషను, ఇటు తిప్పితే ఇంకో స్టేషను. నడుమ ఈల, గురక, ఉరుము లాంటి మోతలు.

అద్దం మీద అంకెలు, ఊళ్ళ పేర్లు ఉండేవి. అవీ ఇంగ్లీషు అక్షరాల్లో. చదవడం రానివాళ్ళు ఏం చేయాలి? చదువు వచ్చినవాళ్ళకు కూడా ఆ ముల్లు సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. అందుకని స్టేషను వాళ్ళు ఒక పని చేసేవారు. అసలు కార్యక్రమం మొదలు కాకముందే తమ బాణీని పదే పదే వేసేవారు. వినేవాళ్ళు మర తిప్పుతూ ఉంటారు. బాణీ చెవిన పడుతుంది. “ఆఁ, దొరికింది” అని అక్కడ ఆపుతారు. వార్తల వేళకు రేడియో సిద్ధంగా ఉంటుంది.

అగ్గిపెట్టె మీద బొమ్మ ఉంటుంది. ఓటు కాగితం మీద గుర్తు ఉంటుంది. పేరు చదవలేకపోయినా బొమ్మ చూసి పోల్చుకోవచ్చు. రేడియోలో బొమ్మ వేయడం కుదరదు. కాబట్టి చెవికి ఒక గుర్తు కావాలి.

ఇది మన దేశంలోనే పుట్టిన ఉపాయం కాదు. లండన్ రేడియో 1924 నుంచి ఆ ఊరి పెద్ద గడియారం గంటలనే వినిపించేది. ఆ గడియారం గంటను బిగ్ బెన్ అంటారు. అమెరికాలో ఎన్.బి.సి. అనే రేడియో సంస్థకు మూడంటే మూడే గంట స్వరాలు గుర్తు. తర్వాత అమెరికావాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. స్టేషను పేరునే పాటగా కట్టి, నలుగురు గాయకుల చేత పాడించేవారు. అలాంటి చిన్న పాటను జింగిల్ అంటారు. డల్లాస్ అనే ఊళ్ళో బిల్ మీక్స్ అనే ఆయన 1951లో ఇందుకోసం కంపెనీయే పెట్టాడు. ఊరూరి రేడియో స్టేషన్లకు పాటలు తయారుచేసి అమ్మాడు. బాగా సాగిన వ్యాపారమది.

మన రేడియో బాణీలో మాటలు లేవు. ఊరి పేరు లేదు, దేశం పేరు లేదు. ఆలోచిస్తే అదే దాని బలం. మాటలు ఉంటే ఏ భాషలో పెట్టాలి? తెలుగులోనా, తమిళంలోనా, హిందీలోనా, బెంగాలీలోనా? మాటలు లేవు కనుకనే ఆ బాణీ అందరిదీ అయింది.

కౌఫ్‌మన్ కథ

వాల్టర్ కౌఫ్‌మన్ 1907లో పుట్టాడు. పుట్టిన ఊరు కార్ల్స్‌బాద్. యూరప్ ఖండంలో, ఇప్పటి చెక్ దేశంలో ఉంది. ఆ ఊరికి ఇప్పుడు కార్లోవీ వారీ అని పేరు. వేడినీటి ఊటలకు ప్రసిద్ధి. కౌఫ్‌మన్ ఇంట్లో జర్మన్ భాష మాట్లాడేవారు. వాళ్ళు యూదులు.

కౌఫ్‌మన్‌కు సంగీతం మీద ప్రాణం. జర్మనీ రాజధాని బెర్లిన్ వెళ్ళి సంగీతం చదివాడు. నాటకశాలల్లో వాద్యబృందాలను నడిపాడు. అంటే ముందు నిలబడి, చేతిలో చిన్న కర్ర ఊపుతూ అందరి చేతా కలిసి వాయించే పని. పాటలు, నాటక సంగీతం తానే రాసేవాడు. కుర్రవాడు పైకి వస్తాడని అందరూ అనుకున్నారు.

అంతలో కాలం తిరగబడింది. 1933 జనవరిలో జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. ఆయన పార్టీ వాళ్ళను నాజీలు అంటారు. యూదులంటే వాళ్ళకు పగ. యూదుల ఉద్యోగాలు పీకేశారు. యూదు సంగీతకారులను వేదికల మీద నుంచి దింపేశారు. కౌఫ్‌మన్ అప్పటికి ప్రాగ్ నగరంలో పెద్ద చదువు చదువుతున్నాడు. డిగ్రీ కోసం రాయాల్సింది రాసేశాడు. ఇక పట్టా పుచ్చుకోవడమే మిగిలింది. అప్పుడు ఒక సంగతి తెలిసింది. తనకు చదువు చెప్పే ఆచార్యుడు నాజీ యువజన సంఘానికి నాయకుడు. ఆ చేతి మీదుగా వచ్చే పట్టా తనకు వద్దన్నాడు కౌఫ్‌మన్. అన్నేళ్ళ చదువుకు కాగితం లేకుండా పోయింది.

ఇక అక్కడ ఉండడం మంచిది కాదనిపించింది. ఎక్కడికి పోవాలి? చాలా దేశాలు తలుపులు మూశాయి. హిందూ దేశానికి మాత్రం వీసా తేలిగ్గా దొరికింది. వీసా అంటే దేశంలోకి రానిచ్చే అనుమతి. 1934లో కౌఫ్‌మన్ బొంబాయిలో దిగాడు. కొద్దికాలం ఉండి పోదామనే వచ్చాడు. పన్నెండేళ్ళు ఉండిపోయాడు.

ఉండకపోతే ఏమయ్యేది? 1938లో హిట్లర్ సైన్యం ఆయన పుట్టిన ఊరిని పట్టుకుంది. తర్వాతి ఏడాది ప్రాగ్ కూడా పోయింది. కౌఫ్‌మన్ భార్య పేరు గెర్టీ. ఆమె ఫ్రాంజ్ కాఫ్కా అనే గొప్ప రచయితకు మేనకోడలు. కాఫ్కాకు ముగ్గురు చెల్లెళ్ళు. ముగ్గురినీ నాజీలు పొట్టన పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకామె గెర్టీ తల్లి.

తప్పు ఎవరిది?

బొంబాయి వచ్చిన కొత్తలో కౌఫ్‌మన్ మన సంగీతం విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనకు తెలిసిన సంగీతం వేరు. వాళ్ళ పద్ధతిలో ఒకేసారి నాలుగైదు బాణీలు కలిసి నడుస్తాయి. ఒకరు ఎత్తున, ఒకరు కింద, అందరూ జతగా. మన పద్ధతిలో అలా కాదు. కింద తంబురా ఒకే శ్రుతిని పట్టుకుని ఉంటుంది. పైన ఒకే బాణీ నడుస్తుంది. స్వరం కదలాలి, ఊగాలి, జారాలి. ఆ ఊగడంలోనే రుచి అంతా ఉంది. కౌఫ్‌మన్ చెవికి అది అందలేదు.

“ఇదేం సంగీతం!” అని తోసిపారేసి ఉండవచ్చు. అప్పుడు బొంబాయిలో ఉన్న తెల్లవాళ్ళు చాలామంది చేసింది అదే. కౌఫ్‌మన్ మాత్రం వేరే లెక్క వేసుకున్నాడు. ఈ పాటను కట్టినవాళ్ళకు బుద్ధి ఉంది, మనసు ఉంది. దీన్ని లక్షల మంది ప్రేమతో వింటున్నారు. నాకు రుచించలేదంటే తప్పు పాటది కాదు, నాది. ఇలా అనుకుని మొదటి నుంచి నేర్చుకోవడానికి కూర్చున్నాడు. అప్పటికి ఆయనకు సుమారు ఇరవై ఏడేళ్ళు. సంగీతంలో పండితుడు. అయినా పలక పట్టిన పిల్లవాడిలా ఓనమాల దగ్గర మొదలుపెట్టాడు. పెద్దయ్యాక అక్షరాలు దిద్దినవారికి ఆ కష్టం తెలుసు. అది చేతి కష్టం ఒక్కటే కాదు. నలుగురిలో సిగ్గు విడవడం అంతకన్నా కష్టం.

తనకు వచ్చిన సంగీతాన్నీ ఆయన మూల పెట్టలేదు. వచ్చిన ఏడాదే బొంబాయిలో ఒక సంగీత సంఘం పెట్టాడు. నలుగురైదుగురు కలిసి కచేరీలు చేసేవారు. వారిలో వయొలిన్ వాయించే పార్సీ యువకుడు ఒకడు ఉన్నాడు. పేరు మెహలీ మెహతా. ఆయన కొడుకే జూబిన్ మెహతా. 1936లో బొంబాయిలో పుట్టి, పెద్దయ్యాక ప్రపంచంలోని పెద్ద పెద్ద వాద్యబృందాలను నడిపిన ఆయన. సంగీతం అన్నం పెట్టేంత పెట్టదు కాబట్టి కౌఫ్‌మన్ పిల్లలకు పాఠాలు చెప్పాడు. సినిమాలకు కూడా పనిచేశాడు.

మన దేశంలో రేడియో అప్పటికి పసిబిడ్డే. 1927 జూలైలో బొంబాయిలో ఒక ప్రైవేటు కంపెనీ రేడియో స్టేషను పెట్టింది. మూడేళ్ళకే డబ్బు చాలక మూతపడింది. ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. 1936 జూన్‌లో దానికి ‘ఆల్ ఇండియా రేడియో’ అని కొత్త పేరు పెట్టారు. కౌఫ్‌మన్ బొంబాయి స్టేషనులో చేరి, పాశ్చాత్య సంగీతం చూసే ఉద్యోగం చేశాడు. 1946 దాకా అక్కడే ఉన్నాడు.

రేడియో గుర్తు బాణీని ఆయన 1936 ప్రాంతంలోనే కట్టాడని చెబుతారు. వయొలిన్ వాయించింది మెహలీ మెహతా అని అంటారు. వేరేవాళ్ళ పేర్లు చెప్పినవాళ్ళు కూడా లేకపోలేదు. పాత సంగతులు తవ్వి చూసినవాళ్ళు ఎక్కువమంది కౌఫ్‌మన్ వైపే చేయి చూపుతారు.

ఆ బాణీని ఈసారి శ్రద్ధగా వినండి. ముందు తంబురా. ఇది మనది. తంబురా మీద వయొలిన్ సాగుతుంది. దాని వెనక, అదే జాతికి చెందిన పెద్ద వాద్యాలు తోడు పలుకుతాయి. అలా కలిసి పలకడం వాళ్ళ పద్ధతి. బాణీ నడకలో శివరంజని రాగం పోలికలు ఉన్నాయని సంగీతం తెలిసినవాళ్ళు చెబుతారు. వయొలిన్ కూడా ఒకప్పుడు పరాయి వాద్యమే. సుమారు రెండు వందల ఏళ్ళ కిందట యూరప్ నుంచి వచ్చి మన కచేరీల్లో కూర్చుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది తెలుగు ఇంటి ఆడపడుచే అయిపోయింది. అలా వచ్చి నిలబడ్డ వాద్యంతోనే, అలా వచ్చి నిలబడ్డ మనిషి ఈ బాణీని కట్టాడు.

అందులో ఆర్భాటం లేదు. బాకాలు లేవు, డప్పులు లేవు. రాజుగారు వస్తున్నారన్నట్టు ఉండదు. అప్పుడు దేశాన్ని ఏలుతున్నది తెల్లదొరలు. రేడియో వాళ్ళ చేతిలోనే ఉంది. అయినా ఆ బాణీలో దొరల దర్పం వినబడదు. తెల్లవారుజామున వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నట్టు ఉంటుంది. 1947లో దొరలు పోయారు. వాళ్ళ జెండా దిగింది. బాణీని మాత్రం ఎవరూ మార్చలేదు. మార్చాలని ఎవరికీ అనిపించినట్టు లేదు.

మన దాకా వచ్చిన బాణీ

1938 జూన్‌లో మద్రాసులో ఆల్ ఇండియా రేడియో స్టేషను మొదలైంది. తెలుగు కార్యక్రమాలు అక్కడి నుంచే వచ్చేవి. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చింది. హైదరాబాదులో అప్పటికే నిజాం ప్రభుత్వపు రేడియో ఉండేది. దాని పేరు దక్కన్ రేడియో. 1950లో అది కూడా ఆల్ ఇండియా రేడియోలో కలిసింది. తర్వాత కడప, విశాఖపట్నం, ఇంకా ఎన్నో. స్టేషను ఏదైనా ఉదయం బాణీ ఒకటే.

కౌఫ్‌మన్ చూపు రేడియో దగ్గరే ఆగలేదు. గోండులు, బైగాల పాటల మీద 1941లో ఒక వ్యాసం రాశాడు. తర్వాత 1960లో బస్తరు కొండల్లోని మారియా, మురియా గోండుల పాటల మీద ఇంకొకటి. బస్తరు మన పక్కనే ఉంది. గోండులు మన ఆదిలాబాదులోనూ ఉన్నారు. ఆ పాటలకు పుస్తకం లేదు. తల్లి పాడితే బిడ్డ నేర్చుకోవాలి, అంతే. కౌఫ్‌మన్ ఆ బాణీలను స్వరాల గుర్తులతో కాగితం మీద పెట్టాడు. అక్షరానికి లిపి ఉన్నట్టే స్వరానికీ లిపి ఉంది. అది తెలిసినవాళ్ళు ఏ దేశంలో కూర్చున్నా ఆ కాగితం చూసి గోండు పాటను పలికించగలరు.

1946లో ఆయన మన దేశం విడిచి ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడి నుంచి కెనడా. విన్నిపెగ్ అనే ఊళ్ళో 1948 నుంచి దాదాపు పదేళ్ళు వాద్యబృందాన్ని నడిపాడు. అక్కడ చలికాలమంతా మంచు. 1957లో అమెరికా వెళ్ళి, బ్లూమింగ్టన్ ఊళ్ళోని ఇండియానా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. పట్టా వద్దనుకున్న మనిషి చివరికి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. చెప్పిన పాఠాల్లో మన సంగీతమూ ఉంది. ఉత్తరాది రాగాల మీద 1968లో పెద్ద పుస్తకం వేశాడు. దక్షిణాది రాగాల మీద 1976లో మరొకటి. త్యాగరాజు తెలుగులో పాడుకున్న రాగాలు అవి. బొంబాయిలో మొదటిరోజు ఒక్క ముక్క అర్థం కాలేదన్న మనిషి, నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ చదువు వదల్లేదు.

ఆయన సొంతంగా రాసిన సంగీతం చాలాకాలం పెట్టెల్లోనే ఉండిపోయింది. 2020లో కెనడాలోని ఒక వాద్యబృందం అందులో కొన్ని వాయించి రికార్డుగా తెచ్చింది. యూరప్‌లో చెల్లని మనిషి, ఇండియాలో అతిథి, అమెరికాలో పంతులు. ఎవరూ “మావాడు” అని గట్టిగా అనలేదు. పేరు మరుగున పడడానికి అదొక కారణం కావచ్చు. ఇంకో కారణం రేడియోదే. పాట వేస్తే పాడినవారి పేరు చెబుతారు. నాటకం వేస్తే రాసినవారి పేరు చెబుతారు. గుర్తు బాణీకి ముందూ వెనకా ఎవరి పేరూ చెప్పరు. అది మొదలయ్యేటప్పటికి ఇంకా ఎవరూ మాట్లాడటం మొదలుపెట్టరు కదా!

1984 సెప్టెంబరులో వాల్టర్ కౌఫ్‌మన్ బ్లూమింగ్టన్‌లో కన్నుమూశాడు. మర్నాడు తెల్లవారుజామున కూడా మన ఊళ్ళల్లో తంబురా మోగింది. వయొలిన్ పలికింది. ఎవరో తల్లి ఎవరో కొడుకును లేపింది.

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో మొదటి రేడియో ఎవరింట్లో ఉండేది? అందరూ ఎక్కడ కూర్చుని వినేవారు? పెద్దవాళ్ళను అడగండి.

పేరు చదవకుండానే చెవితో గుర్తుపట్టేవి మీ ఊళ్ళో ఇంకా ఏమేం ఉన్నాయి? బడి గంట, ఐసు బండి గంట, సోది చెప్పే ఆమె గొంతు... మిగిలినవి మీరు రాయండి.

మీ ఇంట్లో అవ్వ పాడే పాట ఏదైనా పుస్తకంలో ఉందా? లేకపోతే ఆమె చేత పాడించి, మీ చేత్తో రాసిపెట్టండి. కింద ఆమె పేరు రాయడం మరిచిపోకండి.